నిండు బిందెల ధర్నా

నా కూతురి ఊపిరికి చప్పుడుంటుంది. నేను కుట్టుమిషన్ తొక్కుతున్నా పక్క గదిలోంచి అది నాకు వినబడుతుంది. మూడేళ్ల వయసులో వచ్చిన నిమ్ము పోతూ పోతూ దాని ఊపిరి గొట్టాలను పాడుచేసి పోయింది. ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును లైటుకు ఎదురుగా పట్టి చూపించింది. "ఇది పూర్తిగా నయమయ్యేది కాదమ్మా. లోపల కళ్లె నిలవకుండా చూసుకోండి. దుమ్ము, పొగ దగ్గరికి రానీయొద్దండి" అంది.

కళ్లె సంగతి నా చేతిలో పని. రోజూ పొద్దున దాన్ని దిండు మీద బోర్లా పడుకోబెట్టి, అరచేతులు గుంటగా చేసి వీపు మీద తడతాను. దగ్గి దగ్గి కళ్లె ఊసేస్తుంది. ఇన్‌హేలర్ పీల్చుకుని, జడలు వేయించుకుని బడికి పోతుంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఊపిరి తక్కువే గానీ నోరు మాత్రం నాదే.

దుమ్మును దగ్గరికి రానీయకుండా ఉండడమే మా ఊళ్లో కుదరని పని. ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దోవలో ఉంటాం. చుట్టూ నాపబండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. బండను అరగదీస్తే వచ్చే బురద ఎండి, తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడిని ట్రాక్టర్లకెత్తి మా వీధి మీదుగా తీసుకుపోయి పాత క్వారీ గుంతల్లో పోస్తారు. పైన పట్ట కప్పరు. నేను దండెం మీద ఆరేసిన నల్ల జాకెట్టు గుడ్డ మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరుగుతుంది. నా భర్త కూడా ఆ ఫ్యాక్టరీల్లోనే ఒకదాంట్లో బండలు కోస్తాడు. సాయంత్రం వాకిట్లోనే చొక్కా విప్పి, తొట్టి దగ్గర ఒళ్లు కడుక్కున్న తర్వాతే కూతుర్ని ముట్టుకోవాలి. అది నేను పెట్టిన చట్టం.

ఆ చలికాలం పిల్లకు దగ్గు మరీ ఎక్కువైంది. బడికి పోయిన రోజులకన్నా మానేసిన రోజులే ఎక్కువ. చూడడానికి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట, ఎక్కడికైనా పంపించేయమని. ఇంట్లో ఎలుకలు పడ్డాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటారా అని నాకు ఒళ్లు మండేది. కానీ మూడోసారి ఆస్పత్రిలో చేర్చేసరికి నా రోషం ఎటు పోయిందో! బట్టలు సర్ది లింగాలలో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. అక్కడ చీనీ, అంటే బత్తాయి తోటలు తప్ప ఫ్యాక్టరీలు లేవు.

ఇల్లు బోసిపోయింది. పొద్దున లేవగానే నా చేతులు దాని వీపు కోసం వెతుక్కునేవి. నా భర్త వచ్చీ రాగానే తొట్టి దగ్గర స్నానం చేసి, ముట్టుకోవడానికి ఎవరూ లేక అరుగు మీద కూర్చునేవాడు.

నెల తిరక్కముందే ఒక ఆదివారం చూడడానికి పోయాను. నిజం చెప్పాలంటే పిల్ల తేరుకుంది. బుగ్గలు వచ్చాయి. ఎదురింటావిడ గడపలో నిలబడి, "పిల్ల శానా బాగైందే, గుర్తు పట్టలేకపోతాండా" అంది.  బాగుందని ఎవరైనా పైకి అంటే దిష్టి తగులుతుందని మా అమ్మ భయం. నేను పెరట్లో బట్టలు ఉతుకుతుంటే, లోపల పిల్లను తూర్పు ముఖంగా నిలబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ దాని చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు ఎన్ని కాల్చినా ఘాటు రాదంటారు. ఘాటొచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. పిల్ల దగ్గింది. మా అమ్మ సంబరంగా అరిచింది. "ఘాటొచ్చిందిలేమ్మా! దిష్టీ లేదు, గిష్టీ లేదు!"

పెరట్లో ఉన్న నాకు ఆ దగ్గు వేరేగా వినబడింది. పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల గోడ పట్టుకుని వంగిపోయి ఉంది. పెదాలు నీలంగా తిరిగాయి. మా తమ్ముడి మోటార్ సైకిల్ మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని పులివెందుల ఆస్పత్రికి పోయాం. నెబులైజర్ మాస్కు ముక్కుకు పెట్టాక గానీ దాని కళ్లు నిలకడగా నన్ను చూడలేదు. మా అమ్మ తర్వాతి బస్సులో వచ్చి, వరండాలో కూలబడి, "నేనే పొగ పెట్టినానే, నా చేతులతో" అని తల బాదుకుంది. ఆమెను తిట్టాలని నాకు అనిపించలేదు. ప్రేమతోనే పెట్టింది. మా ఊళ్లో ట్రాక్టర్ల వాళ్లకు ఆ ప్రేమ కూడా లేదు.

మాస్కు తీశాక పిల్ల అడిగింది. "ఇప్పుడు యాడికి పంపిస్తావు మా?"

 "యాడికీ లేదు. ఇంటికి పోతాండాం" అన్నాను.

మా సీమలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని రోడ్డెక్కితే అవి ఖాళీ బిందెలే అయి ఉంటాయి. నీళ్ల కోసమే అని చిన్న పిల్లలకూ తెలుసు. పిల్లను ఇంటికి తెచ్చుకున్నాక మేం నిండు బిందెలతో రోడ్డెక్కాం. నేను, మా వీధి ఆడవాళ్లు ఏడెనిమిది మంది. ముందు వచ్చిన ట్రాక్టర్ డ్రైవరు బ్రేకు వేసి, "ఏందక్కా, నీళ్లు రాలేదా?" అన్నాడు.

"వచ్చినాయి నాయనా. నీ పొడి తడపాలని తెచ్చినాం" అన్నాను.

నవ్వాడు. మేం ట్రాలీ మీదికి బిందెలు కుమ్మరించేసరికి నవ్వు ఆగిపోయింది. తడిసిన పొడి బరువెక్కి ట్రాక్టరు మూలిగింది. పట్ట కట్టుకొస్తే దోవ, లేకపోతే నీళ్లు అన్నాం. నీళ్ల కరువు సీమలో ఇన్ని నీళ్లు పారబోస్తున్నారే అని ఒక పెద్దాయన బాధపడ్డాడు. నాకూ బాధే. కానీ పిల్ల పెదాలు నీలంగా మారడం ఆయన చూడలేదు.

సాయంత్రానికి ఫ్యాక్టరీ మేనేజరు మా వాకిట్లోకే వచ్చాడు. "పాపకు ఈ గాలి సరిపోకపోతే వేరే ఊరికి పంపియ్యొచ్చు గదమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఎద్దు పుండు కాకికి ముద్దా!

"పంపించి చూసినా సార్. మళ్లీ తెచ్చుకున్నా. ఇంగ కదలాల్సింది నా బిడ్డ కాదు."

ఆయన నా భర్త వైపు తిరిగి, "నువ్వు మా దగ్గర పనిచేస్తాండావు, ఆమెకు చెప్పుకోవాల గదప్పా" అన్నాడు.  నా భర్త అప్పుడే ఒళ్లు కడుక్కుని, తడి తలతో కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్నాడు. "ఆమె చెప్తాండేది నాకు వినబడుతూనే ఉంది సార్. పాప ఊపిరీ వినబడుతాంది" అన్నాడు.  ఆ మనిషి మీద నాకు అంత గర్వం ఎన్నడూ కలగలేదు.

మర్నాడు కూడా తడిపాం. ఆ తర్వాత పట్టలు వచ్చాయి. మా వీధిలో పొడి తగ్గింది. పిల్ల బడి మొదలుపెట్టింది. దగ్గు పోలేదు, పోదు కూడా. కానీ వరసగా బడికి పోగలిగే రోజులు వచ్చాయి.

ఒక సాయంత్రం బడి ఆటో దిగీ దిగకముందే ముఖం ఎర్రగా చేసుకుని చెప్పింది. "మనూరు దాటి మలుపు తిరిగినాక పట్టలు తీసేస్తాండారు మా. పక్కూరి పిల్లోళ్లు ఆ దుమ్ములోనే ఆడుకుంటాండారు."

తెల్లారి పిల్ల వీపు తట్టి, బడికి పంపించి, బిందెలు నింపుకుని పక్కూరికి నడిచాం. ఊరి మొదట్లో చాట పట్టుకుని నిలబడ్డ ఒకావిడ మమ్మల్ని చూసి జాలిపడింది. "మీ ఊర్లో నీళ్లు రాలేదామ్మా?" అంది.

"నీళ్లు ఉండాయిలేమ్మా. ఈ వీధిలో రాత్రిపూట దగ్గే పిల్లోళ్లు ఎవరింట్లో ఉండారు?" అని అడిగాను.

ఆమె చాట కింద పెట్టి తన గడప వైపు చూపించింది. ఆ తర్వాత పక్కింటి గడపలోకి ఒక తల్లి వచ్చి నిలబడింది. ఎదురింట్లోంచి ఇంకొకామె. అడిగిన మాట ఇంటింటికీ పాకిపోయి, వీధి చివరి దాకా తల్లులు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ట్రాక్టరు చప్పుడు మలుపు దగ్గర వినబడుతుండగా, వాళ్లు లోపలికి పోయి బిందెలు తెచ్చుకున్నారు.