తినేవాళ్ళను అడగడానికి అనకాపల్లి వెళ్ళిన రోజు

అనకాపల్లికి బెల్లం కోసం వెళ్ళేవాళ్ళే ఎక్కువ. నేను మాటల కోసం వెళ్ళాను. విశాఖపట్నంలో ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. అనకాపల్లిలో బెల్లం పొడి ప్యాకెట్లు చేసి అమ్మే సలీం గారు ఫోన్ చేసి, "గోడ పోస్టర్‌కి నాలుగు లైన్లు కావాలి మేడమ్, 'తెల్లటి బెల్లం' అన్నది మాత్రం పెద్దక్షరాల్లో ఉండాల" అన్నారు. ప్యాకెట్లు కొట్లలో కదలడం లేదట. ఈ సీజన్‌లో కూడా పోకపోతే పొడి మిషన్ మూసేసి మళ్ళీ కమీషన్ వ్యాపారంలో కూర్చుంటానన్నారు. తెల్లదనం ఎవరడిగారంటే "కస్టమర్లు" అన్నారు. ఆ కస్టమర్లను నాకూ ఒకసారి చూపించమన్నాను. కొనేవాళ్ళ నోట్లో లేని మాటను నేను పోస్టర్ మీద పెడితే అది గోడకు అందమే తప్ప సరుకుకు అక్కరకు రాదు.

చెరుకు రసం కాచి బెల్లం చేసే వంటలు ఇంకా సాగుతున్న ఫిబ్రవరి నెల. ఉదయం ఏడు దాటాక ప్యాసింజర్ ఎక్కితే గంట ప్రయాణం, టికెట్టు పది రూపాయల లోపే. బస్సులూ బోలెడున్నాయి గానీ గాజువాక దగ్గర ట్రాఫిక్‌లో మన ఓపిక ఎంతో తేలిపోతుంది. స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కి బెల్లం మార్కెట్ దగ్గర దిగాను. వరసల్లో పేర్చిన దిమ్మలు, వాటి మీద ముసిరే కందిరీగలు, బట్టలకు పట్టి సాయంత్రం దాకా వదలని తీపి వాసన. కొనడానికి వచ్చినవాడు ముందు దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకుంటాడు, ఆ తర్వాతే ధర సంగతి. నేనూ సిగ్గుపడకుండా ఒక్కో దిమ్మా గిల్లుకుంటూ వెళ్ళాను. టిఫిన్ ఖర్చు తప్పింది.

సలీం గారి దుకాణం ఆ పక్క వీధిలోనే. టీ తెప్పించి రెండు ప్యాకెట్లు ముందు పెట్టారు. ఒకదానిలో పొడి ముదురు గోధుమ రంగు, రెండో దానిలో దాదాపు తెలుపు.

"నల్లది పాతది మేడమ్. మునగపాకలో ఏసుదాసు బావ వండేవోడు. కొట్టోళ్ళందరిదీ ఒకటే మాట, నల్లగా ఉంటే ఎవడూ కొనడని. అందుకే బావకి సెప్పేసేను, తెల్లది వండితే వండు, లేదంటే నాకొద్దని. తెల్లబడాలంటే మరిగే రసంలో మందు కలపాల. ఆ మందు ముట్టనన్నాడు. ఇప్పుడు వేరేవోళ్ళ కాడ తెత్తన్నాను."

"తినేవాళ్ళను అడిగారా?"

"కొట్టోళ్ళని అడిగేను కదా! రోజూ అమ్మేది వాళ్ళే కదా మేడమ్?"

నాకు నవ్వు రాలేదు. పెళ్ళికూతురి ఇష్టం పెళ్ళిళ్ళ పేరయ్యను అడిగి తెలుసుకున్నట్టుంది వ్యవహారం. ప్యాకెట్లు రెండూ సంచిలో వేసుకుని వీధుల్లో పడ్డాను. మీకేది ఇష్టమని నేను ఎవరినీ అడగను. అలా అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు. పోయినసారి బెల్లం ఎక్కడ కొన్నారు, దానితో ఏం వండారు, అది బాగా రాకపోతే ఎవరిని తిట్టుకున్నారు అని అడుగుతాను. తిట్ల దగ్గరకు వచ్చేసరికి ఎవరూ అబద్ధమాడరు. ఆ పూట తిరిగిన ఇళ్ళన్నిటా ఆడవాళ్ళు తిట్టింది తెల్ల బెల్లాన్నే.

మధ్యాహ్నం భోజనానికి స్టేషన్ రోడ్డులో ఒక చిన్న మెస్‌లో కూర్చున్నాను. పప్పు, గుమ్మడికాయ పులుసు, మజ్జిగతో భోజనం పాతిక రూపాయలు. పులుసులో తీపి ఎంత బాగుందంటే వంటావిడను పిలిచి మరీ చెప్పాను. ఆవిడ పేరు అప్పలనర్సమ్మ.

"నల్ల బెల్లం అమ్మా. తెల్లది ఏత్తే పులుసు ఉప్పదనం కొడతాది," అంది.

సంచిలోంచి పాత ప్యాకెట్టు తీసి చూపించాను. "మరి ఇది నల్లదే కదా, కొట్లో ఉన్నప్పుడు ఎందుకు కొనలేదు?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ప్యాకెట్టు మూసేసి ఉంది కదమ్మా! నోట్లో ఏసుకుని సూడకుండా బెల్లం కొనడమేటి? రంగుదేముంది, మా ఊళ్ళో ఎవులు కొన్నా రుసి సూసే కొంతారు."

అక్కడే, విస్తరి ముందే, నాకు ప్రకటన దొరికింది. "నల్లగా ఉందా? అయితే విప్పండి. నోట్లో వేసుకోండి. నచ్చితేనే డబ్బులివ్వండి." ప్రతి కొట్లోనూ ఒక ప్యాకెట్టు విప్పి పళ్ళెంలో పెట్టాలి, అంతే. తెల్లదనం ఊసే లేదు. పరుగున వెళ్ళి వినిపిస్తే సలీం గారు రెండుసార్లు చదివించుకున్నారు.

"అరె, మా ఆవిడ కూడా గిల్లి సూసే కొంతాది! నాకెందుకు తట్టలేదు?" అని లేచి, "పదండి, బావకి ఇప్పుడే సెప్పాల" అన్నారు.

అనకాపల్లి నుంచి మునగపాకకు షేర్ ఆటోలో అరగంట లోపే. దారికి రెండు వైపులా వరి, చెరుకు. అక్కడక్కడా బెల్లం వండే పాకల మీద పొగ లేస్తోంది. సలీం గారు దారంతా పోస్టర్ గురించే మాట్లాడారు. ఏసుదాసు గారి పాక దగ్గర దిగాం. పొయ్యి చల్లగా ఉంది. దాని మీద ఉండాల్సిన పెద్ద పెనం లేదు. గానుగ పీకేసిన చోట నాలుగు బోల్టులు మట్టిలోంచి పైకి తేలి ఉన్నాయి.

ఏసుదాసు గారు తువ్వాలుతో అరుగు దులిపి కూర్చోమన్నారు. "మిగిలిన సెరుకు ఫ్యాక్టరీకి తోలేసేను బావా. పెనం, గానుగ మొన్ననే అమ్మీసేను. పొలం కౌలుకిచ్చేసేను. తీసుకున్నోడు కూరగాయలు ఏత్తాడంట."

"ఒక్క మాట నాకు సెప్పకూడదా?"

"నువ్వే కదా వద్దన్నావు."

నేను పోస్టర్ మాటలు చదివాను. ఊళ్ళో ఆడవాళ్ళు ఏమన్నారో చెప్పాను. ఏసుదాసు గారు శ్రద్ధగా విన్నారు. ఆయన భార్య కరుణమ్మ గారు లోపలి నుంచి చేతికి సరిపడే దిమ్మ తెచ్చి, అంచు విరిచి మా ముగ్గురికీ పెట్టారు. ఇంట్లోకని దాచుకున్నదట. అంత మంచి బెల్లం నేను అంతకుముందు తినలేదు, బహుశా ఇక తినను కూడా.

"ఇన్నేళ్ళు వండేను గదమ్మా," అన్నారాయన, "బాగుందని తిన్నోళ్ళు ఒక్కరూ నాకు సెప్పలేదు. బాగోలేదన్న మాటే కొట్ల కాడ నుంచి వచ్చేది. ఈ మాట ముందు ఇనుంటే పెనం అమ్మేవోణ్ణి కాదు."

తిరుగు ఆటోలో సలీం గారు స్టేషన్ దాకా వచ్చి, నా ఫీజు ఇస్తానని మూడుసార్లు అన్నారు. నేను వద్దన్నాను. మందు ముట్టకుండా పొడికి సరిపడా వండేవాళ్ళు ఇంకెవరూ దొరక్క, మిషన్ ఆయన ఆ నెలలోనే మూసేశారు. నేను ఇంతవరకు రాసిన వాటిలో అదే మంచి ప్రకటన అనుకుంటాను, దాని వెనక సరుకు మాత్రం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఆ రోజు మేమిద్దరం పట్టుకున్నవి ఆ ఆకులే. కొనేవాళ్ళ మనసు తెలుసుకుంటే బాగా అమ్మొచ్చని మా వృత్తిలో అందరూ చెబుతారు. ఆ మాట వండేవాడికి కూడా చేరాలని ఎవరూ చెప్పరు. అది ఆరు నెలల ముందు ఆ పాక దాకా వెళ్ళి ఉంటే పొయ్యి ఇంకా వెలుగుతూ ఉండేదని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మీరు వెళ్తే వంటలు సాగే చలికాలంలో, పొద్దున్నే వెళ్ళండి. దిమ్మ గిల్లి రుచి చూడండి. నచ్చితే అది ఎవరు వండారో అడిగి, ఆ పాక దాకా వెళ్ళి, బాగుందని ఆ మనిషితోనే చెప్పి రండి.