సారూ అన్న అంగడి

ఈమధ్య బ్యాంకాక్ యాత్రకు బయల్దేరుతుంటే, అక్కడి అంగళ్లలో మోసపోకుండా ఉండే ఉపాయాలన్నీ ఒక కాగితం మీద రాసి మా మనవరాలు నా జేబులో పెట్టింది. చెప్పిన ధరలో సగానికి అడగాలట, నచ్చినట్టు మొహం పెట్టకూడదట, బేరం తెగకపోతే లేచి వచ్చెయ్యాలట. ఈ శాస్త్రమంతా మా నాయన నాకు వెనకటికి నంద్యాల బస్సులోనే చెప్పాడు.

మా ఆళ్లగడ్డవాళ్లకు ఆ రోజుల్లో నంద్యాలే విదేశం. నేను బి.ఏ. పూర్తిచేసి, పంతులు ఉద్యోగం సంపాదించి, పిల్లల ముందు నిలబడ్డానికి తగిన ప్యాంటు ఒక్కటీ లేక, జొన్నలమ్మిన డబ్బుతో గుడ్డ కొనడానికి నాయనతో కలిసి బయల్దేరాను. నాయన సూత్రం చిన్నది: "ఏమప్పా అన్నోని అంగట్లో కొను. సారూ అన్నోని అంగట్లోంచి లేసి రా."

మేము ఎక్కిన గుడ్డలంగట్లోవాడు నన్ను చూసి "రాండి సారూ, కూచోండి సారూ" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అలా పిలవలేదు. కూర్చున్నాను.

గజం మూడున్నర అన్నాడు. నాయన రెండున్నర అన్నాడు.

"ఆ ధరకు గోనెపట్ట దొరుకుతాది, పోప్పా."

"నీ గుడ్డకంటే అదే గట్టిది లేప్పా."

తిట్లలో 'అప్పా' వచ్చిందంటే బేరం దారిన పడుతోందని అర్థం. ఇంకో రెండు తిట్లకు తెగిపోయేదే. సరిగ్గా అప్పుడు, కాలేజీలో నేర్చిన తెలుగుకు అంతకంటే మంచి అదను దొరకదనుకున్నానో ఏమో, "ధర సమంజసంగానే ఉంది నాయనా" అన్నాను.

అంగడివాడి మొహం వెలిగింది. "సదువుకున్న సారే చెప్తాండాడు కదా, నడుమ నీదేంది?" అన్నాడు. ఈసారి ఆ మాటలో 'అప్పా' లేదు.

నాయన వాణ్ణి చూడలేదు, నన్ను చూశాడు. "లెయ్ అబ్బీ" అన్నాడు, ఒక్కసారే. సారు లేవలేదు. నాయన రొంటిన డబ్బు ముడి విప్పి, వాడడిగినన్ని రూపాయలు గల్లా మీద విసిరేసి, నా కోసం ఆగకుండా బస్టాండు దారి పట్టాడు. ఆ అంగడివాడు ఈపాటికి ఏ లోకంలో ఉన్నాడో తెలియదు గానీ, వాణ్ణి క్షమించే తొందర నాకింకా కలగలేదు. గుడ్డ మొదటి ఉతుకుకే జానెడు కుంచించుకుపోయింది. బడిలో పిల్లలు నన్ను సారూ అని ఊరికే, దమ్మిడీ అడక్కుండా పిలిచారు.

నాయన మాత్రం ఆ రోజు నుంచి పోయేదాకా నన్ను అబ్బీ అనలేదు. "సారూ, ఎద్దులకు నీళ్లు పెట్టినావా?" అనేవాడు. మొదట్లో తమాషాకేమో అనుకున్నాను.

బ్యాంకాకులో ప్రతి అంగట్లోనూ నన్ను సారూ అనే పిలిచారు. మనవరాలి కాగితం పుణ్యమా అని ఎక్కడా మోసపోలేదు, లేచి వచ్చేశాను. లెయ్ అబ్బీ అని చెప్పేవాళ్లు లేరు గనక, నాకు నేనే చెప్పుకుని లేచాను.