మా ఇంటికి మా మావయ్య గారే చుట్టం

మా మావయ్య గారు నీళ్ళు తాగరు. ఈ మధ్యే మూత్రంలో మంటతో విలవిల్లాడారు, నీళ్ళు బాగా తాగాలని డాక్టరు గట్టిగా చెప్పారు. అయినా నేను గ్లాసు తీసుకెళితే, "దాహమేస్తే నేనే అడుగుతాలేమ్మా" అంటారు. అడగరు.

ఈ రోజు పొద్దున ఆయనతో పెనుమూడిలో మా ఆడపడుచు అత్తగారింటికి వెళ్ళాను. గుమ్మంలోనే వియ్యపురాలు గారు ఇచ్చిన మంచినీళ్ళు గడగడా తాగేశారు!

"ఇదేంటి మావయ్యా?" అన్నాను.

"ఇంటికొచ్చినోళ్ళకి ఇచ్చిన మంచినీళ్ళు వద్దంటే ఏం మర్యాదమ్మా?" అన్నారు.

ఓహో, అలాగా!

రేపల్లె తిరిగి రాగానే ముందు నేను లోపలికి దూరి, గ్లాసుతో గుమ్మంలోకి ఎదురొచ్చాను. వియ్యపురాలి గొంతు పెట్టి, "రండి అన్నయ్య గారూ, ముందు మంచినీళ్ళు తీసుకోండి" అన్నాను. ఆయన పగలబడి నవ్వారు. గ్లాసు మాత్రం ఖాళీ చేశారు.

సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఆయనే! అంతకుముందే హాల్లో టీవీ చూస్తున్న మనిషి.

"చుట్టాలొచ్చారమ్మా, మంచినీళ్ళివ్వవా?"

డాక్టరు వల్ల కానిది నా వల్ల అయింది! మీ ఇంట్లోనూ నీళ్ళు తాగని మొండివాళ్ళుంటే చెప్పండి. వియ్యపురాలి వేషానికి నేను రెడీ.