రాజోలిలో లజాన్యా సూప్

ఉదయం ఆరుంబావుకు నాగర్‌కర్నూల్‌లో వనపర్తి బస్సు ఎక్కాను. ఒళ్లో చిన్న ఓవెన్. కాళ్ల దగ్గర సంచిలో ఐసు పెట్టిన కీమా డబ్బా, చీజ్, లజాన్యా రేకుల ప్యాకెట్. ఆధార్ చూపితే ఆడదాన్ని కాబట్టి నాకు టికెట్ లేదుగానీ, ఓవెన్‌కు లగేజీ టికెట్ కొట్టాడు కండక్టరు.

ముందురోజు రాజోలి నుంచి మరియమ్మ ఫోన్ చేసింది. "అక్కా, దేవదానం లజాన్యా అడుగుతుండు. జర వచ్చి చేసిపో." ఇంకేమీ చెప్పలేదు.

మరియమ్మా నేనూ మస్కట్‌లో ఏడేళ్లు ఒకే ఇంట్లో వంట చేశాం. ఆమె భర్త దేవదానం ఆ ఇంటి డ్రైవరు. లజాన్యా అంటే మైదా రేకుల మధ్య కీమా, టమాటా, చీజ్ పొరలుగా పేర్చి కాల్చే ఇటలీ వంటకం. అది ఓవెన్‌లోంచి తీసే వేళకు దేవదానం వంటింటి గుమ్మంలో ఉండేవాడు. ట్రే అంచున మాడిన చీజ్ గీకి పెడితే ఇల్లదిరేలా నవ్వుతూ తినేవాడు.

బిజినేపల్లిలో ఒక పెద్దమ్మ ఎక్కి పక్కన కూర్చుంది. "ఏందమ్మా గది, టీవీనా?"

"కాదు పెద్దమ్మా, కరెంటు పొయ్యి."

"పొయ్యిని ఒళ్లె పెట్టుకొని యాడికి పోతున్నవ్?" అని పక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

వనపర్తిలో ఇడ్లీ తిని ఎనిమిదిన్నర బస్సు పట్టుకున్నాను. పదింటికి గద్వాల. అక్కడి నుంచి ఇంకో బస్సు, చివర ఆటో. రాజోలి చేరేసరికి పన్నెండు దాటింది.

మరియమ్మ గుమ్మంలోనే సంచి అందుకుంది. లోపల మంచం మీద ఎవరో ముసలాయన తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె మామగారేమో అనుకున్నాను.

"దేవదానం యాడున్నడు?" అని అడిగాను.

మరియమ్మ మంచం వైపు చూసింది. మంచం మీది మనిషి మెల్లగా తువ్వాలు దించాడు. కింది దవడ ఒక పక్క లేదు. కళ్లు మాత్రం దేవదానానివి.

ఓవెన్ కింద పెట్టానో, ఎవరైనా అందుకున్నారో నాకు గుర్తులేదు. పెరట్లోకి వెళ్లి గోడ పట్టుకుని నిలబడ్డాను. మరియమ్మ వెనకాలే వచ్చింది.

"గుట్కాతోని క్యాన్సర్, అక్కా. ఆపరేషనై రెండు నెలలాయె. ముక్కుల పైపు మొన్ననే తీసిండ్రు. నోటితోని తాగాలె, లేకుంటే మల్ల పైపేస్తమన్నరు దవాఖానల. గంజి పోస్తె ఉమ్ముతుండు, జావ పోస్తె గిన్నె నూకుతుండు. నిన్న ఫోన్ల 'లజాన్యా' అని రాసి చూపిచ్చిండు."

"నాకు ముందుగాల ఎందుకు చెప్పలేదే?"

"చెప్తె వస్తవో రావో. ఒకసారి చూసినోళ్లు మల్ల రాలె అక్కా."

నమలలేని మనిషికి లజాన్యా ఎలా పెట్టడం? ఓవెన్ విప్పనే లేదు. పొయ్యి మీద లోతు గిన్నె పెట్టి ఉల్లి, వెల్లుల్లి సన్నగా వేయించాను. కీమా వేసి ఎర్రబడనిచ్చి, కారం లేకుండా టమాటా, క్యారెట్ వేసి నీళ్లు పోశాను. అది మరుగుతుంటే రేకులు విరిచి వేశాను. మెత్తబడ్డాక పాలు, చీజ్. కానీ అతనికి ఇష్టమైంది మాడిన అంచు. అందుకని కొంత చీజ్ పెనం మీద గోధుమరంగు తిరిగేదాకా కాల్చి సూప్‌లో కలిపాను. అతని వాటా మిక్సీలో తిప్పి, వడగట్టి, గోరువెచ్చగా చల్లార్చాం.

మొదటి చెంచా సగం పెదవి పక్కనుంచి కారిపోయింది. దేవదానం మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. మరియమ్మ తుడిచి, "అక్క అంత దూరంకెళ్లి వచ్చింది, జర తాగు" అంది. రెండో చెంచా మింగాడు. తర్వాత చెయ్యి చాపి గిన్నె తనే తీసుకున్నాడు.

గిన్నె ఖాళీ కావడానికి ముప్పావు గంట పట్టింది. మిక్సీ పట్టని మా గిన్నెల్లో రేకులూ కీమా అలాగే ఉన్నాయి. అతని ముందు నమలడానికి నాకు మనసు రాలేదు. అది చూసి, తినమని చేత్తో సైగ చేశాడు. నేను తిన్నాను. నేను నమిలినంతసేపూ అతను కన్నార్పకుండా చూశాడు.

నాలుగింటికి బయల్దేరాను. బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ దాటుతుండగా మరియమ్మ ఫోన్ చేసింది. "మిగిలింది కూడ అడిగి తాగిండక్కా!" ఏడుస్తూ చెప్పింది.

ఫోన్ పెట్టేశాను. దేవదానం మొహం ఇంకా కళ్ల ముందే ఉంది. అంతకంటే ఎక్కువగా ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. మరియమ్మ ఫోన్‌లో అంతా చెప్పి ఉంటే ఈ పొద్దున బస్సెక్కేదాన్నా? వనపర్తి వచ్చేదాకా ఆలోచించాను. ఎక్కేదాన్నని గట్టిగా చెప్పలేకపోయాను.