పసుపు ఎర్రబడని నీళ్ళు

మా బావ వెంకటప్పయ్యను పొగడమంటే నాకు నోరు రాదు. బావమరిదిని కదా, వెక్కిరించడం నా హక్కు. ముప్పై ఏళ్ళుగా ఆ హక్కును ఎక్కడా వదులుకోలేదు. అయినా పెరట్లో నీళ్ళ గుంట సంగతి వచ్చేసరికి పొగడక తప్పడం లేదు.

ఆయనది కైకలూరు పక్క పల్లె. చేపల చెరువులే ఆయన బతుకు. బొచ్చెల్ని, శీలావతుల్ని ఐసులో పెట్టి లారీలకు లారీలు హౌరాకు పంపిన మనిషి. నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వాసన చూస్తే చాలు, ఆ చెరువుకు ఏం తక్కువైందో చెప్పేవాడు. చుట్టుపక్కల రైతులు ఆయన్ని అడక్కుండా చెరువులో చేపపిల్ల వదిలేవాళ్ళు కాదు. గొంతు కూడా అందుకు తగ్గట్టే ఉండేది. గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే అవతలివాళ్ళ చెరువులో కూలీలు కూడా పని మొదలుపెట్టేవాళ్ళు. 'నాకు తెలీదు' అన్న మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు.

మా అక్క మాణిక్యమ్మ కాపరానికి వెళ్ళిన కొత్తలో వాళ్ళ ఇల్లు చెరువు గట్టు మీదే ఉండేది. అక్క గిన్నెలు కడుక్కునే చోటికి రోజూ ఒక బొచ్చె వచ్చేది. దాని తోక ఒక పక్క చిరిగి ఉండేదట. అక్క అన్నం ముద్ద వేస్తే తిని వెళ్ళేది. కొన్నాళ్ళకు ముద్ద కూడా అక్కర్లేకపోయింది, ఆమె గాజుల చప్పుడు వింటే చాలు పైకి తేలేది. ఇంతలో అక్క పండక్కని మైలవరంలో మా ఇంటికి వచ్చింది. తిరిగి వెళ్ళేసరికి బావ మొదటి పట్టుబడి అయిపోయింది, చేపలన్నీ లారీ ఎక్కేశాయి. చెరువులో బురద తప్ప ఏమీ లేదు.  ఆ రోజు నుంచి అక్క చేప వండిపెట్టింది గాని ముట్టలేదు. బావ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆయనకు అది గుర్తయినా లేదనుకున్నాను నేను. చేపల్ని టన్నుల్లో చూసే మనిషికి ఒక్క చేప ఏం గుర్తుంటుంది?

మోకాళ్ళు మొరాయించాక బావ చెరువుల్ని తమ్ముడి కొడుక్కి అప్పగించి, విజయవాడ దగ్గర పోరంకిలో ఇల్లు కట్టుకున్నాడు. సామానుతో పాటు ఒక పాత వల కూడా దిగింది. ఆయన మొదటి పట్టుబడి నాటి వల.

"ఇక్కడ ఎవర్ని పడదామని బావా, సిటీ బస్సుల్నా?" అన్నాను.

ఆయన దాన్ని తీసుకెళ్ళి అటక మీద పడేశాడు.

ఇల్లు సర్దుకున్నాక ఒకరోజు నా ఎదుటే అక్కతో అన్నాడు. "పెరట్లో జామచెట్టు పక్కన చిన్న సిమెంటు గుంట కట్టిస్తా మాణిక్యం. ఎర్ర చేపలు వేద్దాం. దీనికి పట్టుబడి ఉండదు."

నేను తాగుతున్న కాఫీ ఆపేశాను. అంటే ఆయన మర్చిపోలేదన్నమాట!

అక్క పెరటి వైపు చూసింది. "వేస్తే వెయ్యండి. కానీ అవి చస్తే నేను చూళ్ళేనండి. ఒక్కటి చచ్చి తేలినా ఆ గుంట పూడ్పించి కరివేపాకు మొక్క పెట్టుకుంటాను," అంది. అక్క మాట అంటే మాటే.

బావ కూడా మాటకు నిలబడేవాడే. మేస్త్రీ చేత గుంట కట్టించి, కుళాయి నీళ్ళలో బ్లీచింగు వాసన పోయేదాకా డ్రముల్లో ఎండకు పెట్టి, అలవాటుగా గుంటలో సున్నం చల్లి నీళ్ళు నింపాడు. చేపల చెరువుల వాళ్ళకు నీళ్ళకంటే ముందు సున్నమే కదా. సున్నం చల్లకుండా చెరువు నింపడమంటే ఉప్పు లేకుండా పప్పు వండినట్టే ఆయనకు. నీళ్ళు అద్దంలా తేరాయి. శుక్రవారం నాడు బీసెంట్ రోడ్డు అవతల ఏదో దుకాణం నుంచి ఎర్ర చేపల్ని ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చాడు. నన్ను కూడా రమ్మన్నాడు. చూసి కుళ్ళుకోవాలిగా.

చేపలు వదలబోతుంటే అక్క ఆపింది. కొత్త నీళ్ళకు పసుపు కుంకుమ ఇవ్వకుండా ఎలా? చిటికెడు పసుపు నీళ్ళ మీద చల్లి దణ్ణం పెట్టుకుంది. ఆ పసుపు మా కళ్ళ ముందే ఎర్రబడింది.

"శుభం అక్కా! గంగమ్మ పారాణి పెట్టుకుంది," అన్నాను నేను ఉత్సాహంగా.

అక్క నవ్వలేదు. "పసుపూ సున్నం కలిస్తేనే కదండీ పారాణి?" అంది బావ వైపు తిరిగి.

బావ చేతిలో సంచి అలాగే ఆగిపోయింది. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది, అది నాకు అలవాటు లేని పని. మట్టి చెరువులో నీళ్ళు పులిస్తే సున్నం ఆ పులుపును విరుస్తుంది. ఇక్కడ మట్టి ఏది? కొత్త సిమెంటులోనే బోలెడు సున్నం ఉంది, పైన ఈయన చల్లింది ఒకటి. ఆ నీళ్ళలో చేపలు మొప్పలు కాలి చచ్చేవి. ఇంకొకరైతే మేస్త్రీని తిట్టేవాళ్ళు, లేదా పసుపులో కల్తీ అనేవాళ్ళు. నేనైతే రెండూ చేసేవాణ్ణి.

"తప్పు నాదే. చేతులారా చంపబోయాను," అన్నాడు బావ.

తరవాత ఫోన్ తీసి శౌరయ్యకు కలిపాడు. శౌరయ్య ఒకప్పుడు బావ చెరువుల్లోనే పనిచేసి, ఇప్పుడు సిమెంటు తొట్లలో చేపపిల్లల్ని పుట్టించి పెంచే హేచరీలో చేస్తున్నాడు. "శౌరయ్యా, సిమెంటు గుంట సంగతి నాకు తెలీదు. కాస్త చెప్పు," అన్నాడు. వెంకటప్పయ్య నోట ఆ మాట! నేను జామచెట్టు పట్టుకున్నాను.

"అయ్యో, మీరు నన్నడగటమేంటండీ," అని అవతల శౌరయ్య ఇబ్బంది పడుతూనే చెప్పాడు. గుంట ఖాళీ చేసి, మళ్ళీ నింపి, అరటి బోదె ముక్కలు కోసి వేసి నాననివ్వాలి. తోడేసి, కడిగి, మళ్ళీ అదే పని. సిమెంటులోని సున్నం పోయేదాకా అంతే.

అక్కణ్ణించి ఆ ఇల్లు చూసి తీరాలి. చేపల్ని బాత్రూములో పెద్ద టబ్బులో పెట్టి, గాలి కోసం చిన్న మోటారు తగిలించాడు. బాత్రూము వాటికిచ్చేసి తను పెరట్లో కుళాయి కింద లుంగీతో స్నానాలు. ఉండవల్లి వైపు తోటల్నించి ఆటోలో అరటి బోదెలు తెచ్చి గేటు దగ్గర నిలబెడితే, వీధిలోవాళ్ళు పెళ్ళెవరికని అడిగారు. "పెళ్ళికూతురు బాత్రూములో ఉందండీ," అని నేనే చెప్పాను.

గుంట నింపడం, బోదెలు నానెయ్యడం, తోడడం, కొబ్బరి పీచుతో రుద్దడం. నింపిన ప్రతిసారీ గిన్నెడు నీళ్ళు తెచ్చి అక్క ముందు పెట్టేవాడు. ఆమె చిటికెడు పసుపు వేసేది. కొన్నిసార్లయ్యాక ఎరుపు విరిగి నారింజ రంగులోకి దిగింది.

"పసుపేగా బావా, వదిలెయ్," అన్నాను. నాకు చూసి చూసి విసుగొచ్చింది.

"ఏరా, అది పసుపా? మీ అక్క బొట్టు రంగు ఇంకా కనపడతానే ఉంది," అని మళ్ళీ బకెట్ అందుకున్నాడు.

మోకాళ్ళ నొప్పుల మనిషి వంగి గుంట తోడుతుంటే చివరికి అక్కే కరిగింది. "ఇంక చాలండీ. దుకాణానికి తిరిగి ఇచ్చేద్దాం. నేనేమీ అనుకోను. ఈ వయసులో ఈ చాకిరీ ఎందుకు మీకు?"

బావ బకెట్ కింద పెట్టి గుంట గట్టు మీద కూర్చున్నాడు. "ఆ రోజు నువ్వు వచ్చేదాకా పట్టుబడి ఆపి ఉండాల్సింది. లారీ వచ్చేసిందని ఆగలేదు. ఇప్పుడన్నా ఆగనీ మాణిక్యం," అన్నాడు.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నేను వెక్కిరించడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. పంచె ఎగ్గట్టి నేనూ ఒక బకెట్ పట్టుకున్నాను.

ఒక ఉదయం అక్క వేసిన పసుపు పసుపుగానే ఉండిపోయింది. బావ నమ్మలేదు. ఇంకో గిన్నె తెచ్చాడు. అదీ పసుపే. గుంటలో నీళ్ళు మగ్గు మగ్గు చొప్పున టబ్బులో కలుపుతూ, చేపల్ని కొత్త నీళ్ళకు అలవాటు చేసి, సాయంత్రం ఎండ తగ్గాక వదిలాడు. అవి కాసేపు అడుగున నక్కి, తరవాత గుంట చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. మర్నాడు వెళ్తే ఒక్కటీ తేలలేదు. ఆ మర్నాడూ తేలలేదు. బావ మాత్రం ఇంకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు.

ఆ వారంలోనే జామకొమ్మ మీదికి చేపల్ని ఎగరేసుకుపోయే లకుముకి పిట్ట వచ్చి వాలింది. గుంటలోకి చూస్తూ తల అటూ ఇటూ తిప్పుతోంది. బావ చప్పట్లు కొట్టి దాన్ని తోలి, నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. దిగేటప్పుడు భుజం మీద ఆ పాత వల ఉంది. కత్తితో ముక్క కోసి, గుంట మీద పరిచి, చుట్టూ మేకులకు బిగించి కట్టాడు. పిట్ట దూరడానికి సందు లేదు.

అక్క అన్నం గిన్నెతో వచ్చి నిలబడింది. వలను వేళ్ళతో తడిమి చూసింది. "ఇది ఆ వలే కదండీ?"

"అదే," అన్నాడు బావ.

ఆమె పీట వేసుకుని గుంట పక్కన కూర్చుంది. వల కన్నుల్లోంచి మెతుకులు జారవిడిచింది. గాజులు గలగలమన్నాయి. ఎర్ర చేపలు బెదిరి అడుక్కి పోయాయి.

"రావట్లేదండీ," అంది అక్క.

"అలవాటు పడతాయిలే మాణిక్యం," అన్నాడు బావ, ఆమె పక్కన నేల మీద చతికిలబడుతూ. "వీటికి లారీ రాదుగా."