పడవ మీద మామిడికాయలు

అరవైల్లో మాట. ఆ ఏడు గాలివానకి ఆగిరిపల్లిలో మా మామిడితోట కాపంతా రాలిపోయింది. ఇక ఈ తోటపని నా వల్ల కాదనుకుని, రైసుమిల్లులో పని వెతుక్కుంటూ బందరు వచ్చాను. మర్నాడు చేరమన్నారు. సంతోషం కలగలేదు, ఒళ్ళు అలిసిపోయి ఉంది. ఊరికే రేవు దాకా నడిచాను.

అక్కడ ఒక జాలరి ఆవిడ, ఒడ్డుకి లాగిన పడవకి రంగులు వేస్తోంది. పక్క పడవల మీద చిలకలూ పూలూ ఉన్నాయి. ఈమె మామిడిగుత్తి వేస్తోంది, కానీ తొడిమలు కిందికి పెట్టింది.

"కాయలు తలకిందులుగా ఉన్నాయమ్మా" అన్నాను.

"చెట్టుకి ఎప్పుడూ చూడలేదండీ, బుట్టలోనే చూశాను" అని నవ్వి, కుంచె నా చేతికిచ్చింది. "మీరే వెయ్యండి. వచ్చేది ఎవరి పడవో దూరం నుంచి బొమ్మని బట్టే పోల్చుకుంటాం."

పొడుగు తొడిమకి వేలాడుతున్న చిన్నరసం కాయ వేశాను. నా జన్మలో వేసిన మొదటి బొమ్మ అది.

"ఈ ఏడు కాపు బాగుందాండీ?"

"గాలికి పోయిందమ్మా."

"మా పాత పడవ కూడా గాలికే పోయిందండీ. ఇది కొత్తది" అంది, ఆకుపచ్చ రంగు కలుపుతూ.

గుత్తి పూర్తిచేసి, ఆ సాయంత్రమే మా తోటకి తిరిగి వెళ్ళడానికి నూజివీడు బస్సెక్కాను.