రాళ్ల చెలకకు మడి ఇచ్చిన ఎల్లక్క

ఘనపూర్ దాటాక గుట్ట కింద ఎల్లక్కకు ఎకరన్నర పొలం ఉండేది. దాని ఎగువన, రెండు బండల సందులోంచి బొటనవేలంత ధారగా ఊట కారేది. భర్త లచ్చయ్య పోయాక ఇద్దరు ఆడపిల్లలను ఆమె పెంచింది ఆ నీళ్లతో పండించిన వరితోనూ కూరగాయలతోనూ.

ఆరేళ్ల కిందట మొదటిసారిగా ఉగాది వెళ్లీ వెళ్లకముందే ఊట ఆగిపోయింది. ఎల్లక్క సందులో పూడిక తీసింది. బురద తప్ప ఏమీ రాలేదు. మూడు రోజులు అన్నం సయించక, నాలుగో రోజు గుట్ట ఎక్కింది. పైన ఉన్న మెట్ట చెలక ఆ ఊరి సోమనర్సయ్యది. ఆయన పత్తి కోసం చెట్లు కొట్టి, దాన్ని వాలు వెంట కిందికి దున్నించాడు. ఆ సాళ్ల వెంట వాన నీళ్లు మట్టినీ లాక్కుని వాగులోకి జారిపోయిన గుర్తులు కనిపించాయి.

అటునుంచి అటే ఆయన ఇంటికి వెళ్లింది.

"అన్నా, నీ చెలకల ఇంకిన వానే నా బండల్లకెల్లి ఊరుతది. జర దున్నకుండ ఉంచరాదె?"

"ఉంచితే నేనేం తినాలె చెల్లె?" అన్నాడాయన.

అందులో తప్పేమీ ఆమెకు కనిపించలేదు. వారం రోజులు ఆలోచించి మళ్లీ వెళ్లింది.

"గా రెండెకరాల చెలక నాకియ్యి. నా కింది మడి అరెకరం తీస్కో."

"వరి పండే మడిచ్చి రాళ్లు తీస్కుంటవా? మతి పోయిందా?"

"ఊట ఆగినంక మడి ఉండి ఏం జేస్త?"

సోమనర్సయ్య ఒప్పుకున్నాడు. రాళ్ల కోసం మడి పోగొట్టుకున్నావని పెద్ద బిడ్డ సుజాత తిట్టి, కోపంతో రెండు నెలలు ఫోన్ చేయలేదు. ఎల్లక్క, పక్కింటి నర్సమ్మ కలిసి రెండు ఎండాకాలాలు ఆ చెలకలో, వాన నీళ్లు ఆగి ఇంకేలా, వాలుకు అడ్డంగా మోకాలెత్తు రాళ్ల వరుసలు పేర్చారు. మేకలు రాకుండా ముళ్లకంప వేశారు. మొదటి ఏడు ఊట మళ్లీ ఎండింది. బిడ్డ చెప్పిందే నిజమేమోనని ఎల్లక్క లోలోపల భయపడింది. రెండో ఏడు వైశాఖం దాకా తడి ఆరలేదు. మూడో ఏడు ధార ఆగనే లేదు. పైన గడ్డి, సీతాఫలం చెట్లు కమ్ముకున్నాయి.

ఆ ఎండాకాలం సుజాత వచ్చి దోసిలి పట్టి తాగింది.

"నాకు తెల్వక కోపం చేసిన అమ్మా," అంది.

"నాకు మాత్రం తెలుసానె? గుండె దడదడలాడింది," అని ఎల్లక్క నవ్వింది.

మొన్న పొద్దున సోమనర్సయ్య గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గుట్ట అవతలి చెలకలో తన బావి అడుగంటిందట.

"చెల్లె, రాళ్ల మొదటి వరుస యాడ పెట్టాలె?"

ఎల్లక్క పొయ్యి మీది కూర దించి, కొంగు నడుముకు దోపుకుని, ఆయన కంటే ముందే గుట్ట దారి పట్టింది.